పలక రంగు కోళ్ళు, సున్నం పుంజు

మా కోళ్ళు పలక పొడి తిని ఆ రంగుకు తిరిగినాయని మా ఊళ్ళో చెప్పుకుంటారు. గిద్దలూరు నుంచి పొదుగు గుడ్ల కోసం వచ్చినోళ్ళకు కూడా బస్సు దిగంగానే చెవిలో పడేది ఈ కథే. మా వీధి చివర మూతపడిన పలకల ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక విరిగిన పలకలు, కోతపొడి దిబ్బలుగా పడి ఉన్నాయి. మా కోళ్ళు పొద్దస్తమానం ఆ దిబ్బల మీద గీరుతుంటాయి. కాబట్టి వాటికి పలక రంగు వచ్చింది. అయిపోయింది, తీర్పు చెప్పేసినారు.

అదే దిబ్బల మీద గీరే పక్కింటోళ్ళ కోళ్ళు ఎర్రగా ఎందుకున్నాయని ఒక్కరు అడగరు. మా నాయన మార్కాపురంలో బతుకంతా పలకలు కోసినాడు, ఆ పొడి తినడమేంది, పీల్చినాడు కూడా. చామనఛాయగా పుట్టినాడు, చామనఛాయగానే పోయినాడు. మనిషికి పట్టని రంగు కోడికి ఎట్ల పడుతుంది?

మా అత్తమ్మది ఇంకో కథ. అదంతా ప్రార్థన ఫలమంటుంది. ఆమెతో ఆ విషయం వాదించను. వాదించలేక కాదు, ఆమెకు వినపడినట్టు వాదించాలంటే వీధంతా వినాల్సి వస్తుంది. ఇంక మా ఆయన కథలో 'మేము' అనే మాట ఎక్కువ. మేము పెంచినాం, మేము జాతి నిలబెట్టినాం అని వచ్చినోళ్ళకు చెప్తుంటాడు. ఆ 'మేము'లో ఆయన వంతు ఏందయ్యా అంటే, పనికిరావని నేను తీసేసిన కోళ్ళను కూర వండితే తినడం. ఆ పని మాత్రం ఏ రోజూ వాయిదా వేయలేదు.

అసలు సంగతి నేను చెప్తాను.

మొదటి పలక రంగు పెట్ట పుల్లలచెరువు వైపు అడవంచు ఊళ్ళో ఉండే మా పిన్నమ్మ దగ్గర నుంచి పాలుకు వచ్చింది. పాలుకు అంటే, కోడి ఆమెది, మేత నాది, పిల్లలు చెరి సగం. ఆ పెట్టను చూసినరోజు నేను చంకన పెట్టుకొని దించలేదు. తడిగుడ్డతో తుడిచిన కొత్త పలక ఎట్లుంటుందో అట్లుంది ఈకల రంగు. మెడ దగ్గర కొంచెం ముదురు, రొమ్ము దగ్గర లేత. ఎండలో నిలబడితే నీలం తోస్తుంది. అప్పుడే అనుకున్నాను, నా దొడ్లో ఇట్లాంటివే ఉండాలి, వేరే రంగు ఉండకూడదు, అని. ఒట్టి రంగే కాదు, కోడి బరువుగా ఉండాలి, గుడ్డు పెద్దదిగా, పెంకు గట్టిగా ఉండాలి.

"బీఎస్సీ చదివి కోళ్ళు మేపుకుంటావా?" అని మా అత్తమ్మ అడిగింది.

"బీఎస్సీ చదివినాను కాబట్టే ఇన్నాళ్ళు ప్రైవేటు బళ్ళో పిల్లకాయల్ని మేపినాను. కోళ్ళయితే ఎదురు మాట్లాడవు అత్తా," అన్నాను.

"ఎదురు మాట్లాడే పని నువ్వే చూసుకుంటావులే," అన్నది. ఆమె నోరు కూడా తక్కువది కాదు. మా ఇద్దరికీ పొత్తు కుదిరింది అందుకే.

మా వైపు నాటుకోళ్ళు రానురాను పిచ్చుకలంత ఎందుకైనాయో నాకు ఆ తర్వాత తెలిసొచ్చింది. ఇంటికి చుట్టం వస్తే దొడ్లో ఉన్నవాటిలో పెద్ద కోడిని కోస్తాం. చిన్నదాన్ని కోస్తే పరువు తక్కువ. గుడ్లలో పెద్దవి దుకాణానికి పోతాయి, చిన్నవి పెట్ట కిందికి పోతాయి. అడిగితే చిన్నవైతే ఎక్కువ పడతాయని చెప్తారు. ఇట్ల తరతరాలుగా పెద్దవాటిని తినేసి, చిన్నవాటికి చిన్నవాటిని పుట్టించుకుంటూ వచ్చి, "నాటుకోడి ఇంతకంటే పెరగదు" అని కోడి మీద నేరం మోపినాం.

నేను ఒక పని చేసినాను. మా అమ్మాయి చిన్నప్పటి గాజు ఒకటి పెట్టెలో ఉంటే తీసి, వంటింట్లో మేకుకు తగిలించినాను. ప్రతి గుడ్డునూ ఆ గాజులో దూర్చి చూడాలి. దూరిందా, అట్టుకో ఆమ్లెట్టుకో. దూరకుండా నిలిచిందా, పొదగడానికి. మా ఆయనకు ఇది మొదట్లో అస్సలు రుచించలేదు. "పెద్ద గుడ్లన్నీ కోళ్ళకు పెట్టి చిన్నవి మాకు పెడతావా?" అని కంచం ముందు పంచాయితీ పెట్టినాడు. "నువ్వు గుడ్డు మీద కూర్చుంటానంటే నీకూ పెద్దవే ఇస్తాను" అన్నాను. ఆ పంచాయితీ అక్కడికి తెగిపోయింది. కోళ్ళలో రెండు మూడు తరాలు మారేసరికి గాజులో దూరే గుడ్లు తగ్గిపోయినాయి, కోళ్ళు చేతికి బరువు తగిలినాయి.

తల తినింది రంగే.

పలక పెట్టకు, దాని పిల్లల్లోనే తేలిన పలక పుంజును తోడు పెట్టినాను. పొదిగితే పిల్లల్లో సగం పలక, మిగతా సగంలో కొన్ని నల్లవి, కొన్ని మురికి తెలుపువి. ఆ తెలుపు ఎట్లుంటుందంటే, సున్నం కొట్టిన గోడ మీద ఎవరో తడి బొగ్గు విదిలించినట్టుంటుంది. నల్లవాటిని దిష్టి తీయడానికని జనం వచ్చి తీసుకుపోయేవాళ్ళు. సున్నంవాటిని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అవి మా కూరకే. మళ్ళా పలకను పలకతో కలిపేదాన్ని. మళ్ళా అదే వరస.

మా ఊళ్ళో పుంజుల పిచ్చి ఉన్న రైతు ఒకాయన ఉన్నాడు. ఊరంతా పుంజులన్న అంటుంది. నేను అన్నా అంటాను, ఆయన చెల్లెమ్మా అంటాడు. డేగ, కాకి, నెమలి అని పుంజుల రంగులు చెప్పడంలో చుట్టుపక్కల ఆయన్ను మించినోడు లేడు. పొద్దున్నే మా ప్రహరీ మీద మోచేతులు ఆనించి నిలబడేవాడు.

"చెల్లెమ్మా, ఇది మైల. కుక్కుట శాస్త్రంలో దీని పేరు మైల. మైల నిలబడేది కాదు."

"మైల అంటే ఏందన్నా?"

"రంగు పేరమ్మా."

"మా తాతను మీ తాత అరుగు ఎక్కనీయకుండా అన్న మాట కూడా అదే. ఆ మాట నా దొడ్లోకి తేవద్దు. ఇది పలక రంగు. మేము పలక మీద దిద్దుకొని పైకొచ్చినోళ్ళం."

ఆయన కాసేపు గోడ మీది సున్నం గోకినాడు. తర్వాత, "సరే, పలకే అనుకుందాం. పలకైనా నిలబడదు," అన్నాడు. మనిషి మొండివాడు. కానీ ఆ రోజు తర్వాత నా ముందు మైల అనే మాట ఎత్తలేదు.

ఒక ఏడాది వానలు వెనకబట్టినాక కొక్కెర తెగులు వచ్చింది. రాత్రి గంప కింద మూసినవి పొద్దున తెరిస్తే మెడలు వాల్చి ఉండేవి. టీకా వేయించినా చాలావాటికి పట్టలేదు. మా వీధిలో కోడి కూత ఆగిపోయింది. నా దొడ్లో చివరికి నిలిచినవి మూడు నల్ల పెట్టలు, ఒక సున్నం పుంజు. పలక రంగుది ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. పుల్లలచెరువుకు ఫోన్ చేస్తే పిన్నమ్మ వాళ్ళ ఊళ్ళోనూ అదే గతి. ఆ రంగు ఇంక ఎక్కడి నుంచీ వచ్చే దారి లేదు.

"పోనీలే, కథ ముగిసింది," అన్నాడు మా ఆయన. ఓదార్పుకే అన్నాడు, నాకు మాత్రం నిప్పు అంటించినట్టయింది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడినాను. కుళాయి పక్క చంద్రకాంత చెట్లు విరగబూసి ఉన్నాయి. ఎర్రవి, తెల్లవి, నడుమ గులాబీవి. చూస్తూ చూస్తూ ఉంటే డిగ్రీలో చదివిన పాఠం కళ్ళ ముందుకొచ్చింది. చంద్రకాంతల్లో ఎర్రదాన్ని తెల్లదానితో కలిపితే పుట్టినవన్నీ గులాబీవే. గులాబీని గులాబీతో కలిపితే మాత్రం ఎరుపూ వస్తుంది, తెలుపూ వస్తుంది, సగమే గులాబీ. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. బిందె నిండి పొర్లి నా కాళ్ళు తడుపుతుంటే అప్పుడు అర్థమైంది. పలక రంగు సొంతంగా ఒక రంగు కాదు. నలుపుకూ తెలుపుకూ కుదిరిన రాజీ. నేను ఇన్నాళ్ళూ రాజీని రాజీతో కలిపినాను, మళ్ళా మళ్ళా తగువే పుట్టింది. కలపాల్సింది తగువులాడే ఇద్దర్ని. నల్ల పెట్టలు నా దొడ్లోనే ఉన్నాయి. సున్నం పుంజు నా దొడ్లోనే ఉంది. పోయిందనుకున్న రంగు ఎక్కడికీ పోలేదు, రెండు భాగాలై నా గంపల కిందే ఉంది.

పరుగున ఇంట్లోకి పోయి చెప్పినాను. మా ఆయన, "పూలకూ కోళ్ళకూ పోలికేందే?" అన్నాడు. మా అత్తమ్మ ఏమీ అనకుండా కొంగు సవరించుకుంది. ఆమె మాట్లాడకుండా ఉందంటే ఏదో జరిగిందని లెక్క.

"ఏంది అత్తా?"

"ఆ పుంజును కోత పండక్కి మొక్కుకున్నానమ్మా. తెగులు ఆగితే మిగిలిన పుంజు దేవునిదే అన్నాను. తెగులు ఆగింది."

"నన్ను అడగకుండానా?"

"దేవున్ని అడిగేటప్పుడు నిన్ను అడగాలా?"

కోత పండగ రోజు మా చర్చి గుడిలో ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. సజ్జలు, కందులు, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు. ఆరాధన అయినాక ఆవరణలో వేలం పాట. వేలానికి కులం మతం ఏమీ లేదు, ఊరంతా వస్తుంది. పాటలో కోడిని గెలిచినోడు దాన్ని అదే సాయంత్రం పొయ్యి మీదికి ఎక్కిస్తాడు. మా సంఘంలో పాడుకున్న కోడి బతికిన దాఖలా లేదు.

పాస్టరయ్య దగ్గరికి పోయినాను. "అయ్యగారూ, ఆ పుంజుకు బదులు ఇంకో పుంజును కొని తెస్తాను," అన్నాను.

"మొక్కుకున్నదే ఇవ్వాలమ్మా."

"అర్పణ మచ్చ లేనిది కావాలని మీరే గదా చెప్పినారు? ఇది ఒళ్ళంతా మచ్చలే."

ఆయన నవ్వినాడు. "అది గొర్రెల సంగతమ్మా. కోడి ఈకల దాకా దేవుడు పోలేదు. ఇచ్చేయండి, పాటలో మీరే పాడుకోండి."

మంచి సలహానే. చిక్కేందంటే, తెగులు వచ్చిపోయిన ఆ ఏడు పాటకు వచ్చిన పుంజు అదొక్కటే. ఊళ్ళో నాటుకోడి ముక్క తినక అందరి నాలుకలూ ఎండి ఉన్నాయి. గాజు పుణ్యమా అని అది మంచి కండ పట్టిన పుంజు. రంగు చూసి నవ్వినోళ్ళే తొడ చూసి గుటకలు మింగినారు.

పాట మొదలైంది. సంఘపెద్ద పుంజును రెక్కలు పట్టి ఎత్తి చూపించినాడు. నలుగురైదుగురు అందుకున్నారు. నేను ఎవరినీ వదల్లేదు. ఒకాయన పాట పెంచంగానే, "మామా, మీ డాక్టరు నీకు చప్పిడి తినమన్నాడని అత్త చెప్పిందే," అన్నాను. జనం నవ్వినారు, మామ తప్పుకున్నాడు. ఇంకొకామె అందుకుంటే, "వదినా, తెగులు పడిన దొడ్లో కోడి, చూసి తినండి," అన్నాను. ఆమె చెయ్యి దిగిపోయింది. తెగులు తగిలి లేచిన కోడైతే అట్లుండదు, అది నిక్షేపంగా ఉంది. నేను చెప్పింది అబద్ధం కాదు, దొడ్లో తెగులు పడిన మాట నిజమే. మా అత్తమ్మ గుడి మెట్ల మీద నుంచి నా వైపు చూసిన చూపుకు మాత్రం ఆ పూట నేను అటు తల తిప్పలేదు.

చివరికి నిలిచింది పుంజులన్న.

నేను పెంచితే ఆయన పెంచుతాడు. ఆయన పెంచితే నేను. ఆయనకు పొలం ఉంది, నాకు నోరుంది.

"ఏందన్నా, నీ డేగల పక్కన ఈ సున్నంగోడను నిలబెడతావా? చూసినోళ్ళు నీ కంటికి పొర వచ్చిందనుకోరూ?"

"కూరకు రంగెందుకు చెల్లెమ్మా?"

"కూరకే అయితే ఇంత పాట ఎందుకు? మార్కాపురం పోతే ఈ దుడ్లకు పొట్టేలు తొడ వస్తుంది. వదినకు తెలిస్తే ఆ తొడతోనే కొడుతుంది."

ఆవరణంతా గొల్లుమంది. ఆయనా నవ్వినాడు. "ఏదీ, ఒకసారి చూడనీ," అని సంఘపెద్ద చేతిలో నుంచి పుంజును తీసుకున్నాడు. రొమ్ము తడిమినాడు. రెక్క విప్పినాడు. మెడ ఈకల్లోకి ఉఫ్‌మని ఊది, విడిపోయిన చోట వంగి చూసినాడు. ఆయన పుంజును కింద పెట్టి, చేతులు దులుపుకొని, "చెల్లెమ్మ పాడుకోనీలేబ్బా," అన్నాడు.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పుంజు నాది.

చంకన పెట్టుకొని వీధి నడుమ నడిచి వచ్చినాను. "దేవునికిచ్చింది మళ్ళా ఇంటికి తెచ్చుకున్నదమ్మా," అని వెనక ఎవరో అన్నారు. వెనక్కి తిరిగి, "దేవునికి రావాల్సింది దేవునికి ముట్టింది, నాకు రావాల్సింది నా చంకలో ఉంది. మధ్యలో నీకు రావాల్సిందేమన్నా ఉందా?" అని అడిగినాను. ఏమీ లేదట.

మూడు నల్ల పెట్టలనూ ఆ పుంజుతో మూసినాను. గుడ్లు రాసాగినాయి. గాజులో దూరనివే ఏరి, పొదుగుకొచ్చిన పెట్ట ఒకటి పక్క ఊరి నుంచి అడిగి తెచ్చి, దాని కింద పెట్టినాను. ఆ మూడు వారాలూ మా ఇంట్లో ఎవరూ ఆ మూల గట్టిగా తుమ్మలేదు. ఊళ్ళో మాత్రం ఎవరికి తోచింది వాళ్ళు చెప్పినారు. నలుపూ తెలుపూ కలిస్తే గళ్ళ కోళ్ళు వస్తాయని, చారల కోళ్ళు వస్తాయని. పుంజులన్న ప్రహరీ మీద ఆని, గంప వైపు ఒకసారి చూసి పోయేవాడు.

మొదటి పిల్ల పెంకు చీల్చుకొని వచ్చినప్పుడు తడిగా ఉంది, తడిలో అన్నీ నల్లగానే ఉంటాయి. ఇంకొకటి వచ్చింది, ఇంకొకటి. నేను కదల్లేదు. పెట్ట వెచ్చదనానికి ఆరి, నూగు విచ్చుకుంటుంటే, ఒక్కొక్కటీ పొగ తేలినట్టు తేలింది. చేత్తో తీసి వెలుగులోకి పట్టుకొచ్చినాను. పలక. రెండోది పలక. మూడోది తీసినాను, అదీ పలకే. పెట్ట పొడుస్తున్నా లెక్కచేయకుండా ఒక్కోదాన్నీ తీసి చూసినాను. నల్లది లేదు. సున్నంది లేదు. అన్నీ, మొత్తం పొదుగంతా, పలక రంగే.

నేను అరిచిన అరుపుకు మా ఆయన సగం గడ్డం గీసుకున్న మొహంతో పరుగెత్తుకొచ్చినాడు. చూసినాడు. అప్పటి నుంచే ఆయన 'మేము' అనడం మొదలుపెట్టినాడు. మా అత్తమ్మ వంగి చూసి, ఒక పిల్లను అరచేతిలోకి తీసుకొని, "ప్రభువు ఇచ్చిందాన్ని రెండింతలు చేసి తిరిగిచ్చినాడు" అంది. ఆ రోజు ఆమెతో పేచీ పెట్టుకోలేదు. పాట పాడింది ప్రభువు కాదు, నేను అని ఒక్కసారి మాత్రం గుర్తు చేసినాను.

ఊరు వచ్చి చూసింది. పలక పొడి కథ పుట్టింది అప్పుడే. చంద్రకాంత పూల పాఠం నేను ఎంతమందికి చెప్పినానో. తల ఊపుతారు, బయటికి పోయి పలక పొడి అంటారు. అననీ. ఆ పిల్లలు పెద్దవై గుడ్డుకొచ్చినాయి. వాటి గుడ్లు గాజులో సగం కూడా దిగలేదు. కొట్టి పోస్తే సొన పసుపు కొమ్ములాగా ఉంటుంది, పెంకు పగలగొట్టాలంటే చెంచా వెతుక్కోవాలి. పుల్లలచెరువు పిన్నమ్మకు ఆమె పాలు ఆమెకు పంపినాను, పలక పెట్టలే పంపినాను. ఆమె ఫోన్‌లో ఏడ్చింది. ఇప్పుడు నా దొడ్లో ఒక పక్క నల్ల పెట్టలు, సున్నం పుంజులు, అంటే తల్లులూ తండ్రులూ. ఇంకో పక్క పలక కోళ్ళు. చూసినోళ్ళు పలక పక్కకే పోతారు. నేను మాత్రం పొద్దున్నే మొదట గింజలు చల్లేది సున్నం పుంజులకే.

పుంజులన్న కూడా పలక జత తీసుకుపోయినాడు. "రెండు పలకలు కావాలి చెల్లెమ్మా" అని నోరారా అడిగినాడు, ఆ మాటే అడిగినాడు. ఇచ్చినాను. జత ఇచ్చేటప్పుడు అడిగినాను, ఆ రోజు పాట ఎందుకు ఆపినావన్నా అని.

"నీ నోటికి దండం పెట్టి ఆపినానమ్మా," అని నవ్వేసినాడు.

నేను నమ్మలేదు. నా నోటికి దండం పెట్టే మనిషే అయితే అంతదాకా పాడేవాడు కాదు. పోనీ ఆ పుంజులో ఏముందో ఆయనకు తెలుసా అంటే, తెలిస్తే ఇన్నేళ్ళు నిలబడదు నిలబడదు అని నా ప్రహరీ మీద ఎందుకు పాట పాడినాడు? తెలిసినోడు తానే పాడుకొని పోడా? అట్లని తెలియదనుకుందామా అంటే, ఆ రోజు సంగతొకటి నాకు మింగుడుపడదు. ఆయన పుంజులను కింద పెట్టడం నేను చాలాసార్లు చూసినాను. నచ్చనిదాన్ని రెక్క పట్టి విసిరినట్టు వదిలేస్తాడు. ఇప్పుడు వీధిలో ఎదురైన ప్రతిసారీ అడుగుతాను, ప్రతిసారీ నవ్వి తప్పించుకుంటాడు. ఇక్కడ రాసి అడుగుతున్నాను, ఎట్ల తప్పించుకుంటాడో చూస్తాను. ఏమీ తెలియకపోతే, కూరకే పనికొచ్చే సున్నం పుంజును, మెడ ఈకలు సవరించి, రెండు చేతులతో అంత మెల్లగా కింద పెట్టినావేందన్నా?